ఆఖరి ట్రిప్పుకి వేసిన ఫ్యూజు

కొల్హాపూర్ వైపు పంచగంగ నది ఒడ్డు ఊళ్ళలో దీపావళి దాటిందంటే మనుషులకు చెవులుండవు. చెరకు నరకడం మొదలవుతుంది, ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి, ప్రతి ట్రాక్టరు నెత్తి మీదా బీరువాలంత స్పీకర్లుంటాయి. ముందు పాట వస్తుంది, తర్వాత ట్రాక్టరు వస్తుంది, దాని వెనక రెండు ట్రాలీల చెరకు వస్తుంది. డ్రైవరుకు వెనక బండి హారను వినబడదు, పక్కన కూర్చున్నవాడి మాట వినబడదు, పెళ్ళాం చేసిన ఫోను అసలే వినబడదు. ఈ మూడోదాని కోసమే స్పీకర్లు పెట్టించుకున్న మహానుభావులు కూడా ఉన్నారు. ఎవడి పాట ఎక్కువ దూరం వినబడితే వాడు మొనగాడు. వాడి పొలం ఎండిందా, పిల్లలు బడికి పోతున్నారా అన్నవి తర్వాతి సంగతులు.

ఆ మొనగాళ్ళందరి బళ్ళకూ తీగలు కలిపేది ఆప్పాసో కుంభార్. చక్కెర కార్ఖానా రోడ్డు మలుపులో ఆయన రేకుల షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. చెయ్యి మంచిది, నోరే కాస్త ఎక్కువ. యాంప్లిఫయరు పెట్టించుకోవాలని వచ్చినవాడు స్పీకర్ల మోత వినేముందు ఆయన పాఠం వినాల్సిందే.

"ఈ బ్యాటరీలో ఏముందనుకున్నావ్? మంచినీళ్ళు కాదు. ఇంత ఇంజన్ని తిప్పి లేపే బలం ఉంది. ఆ బలాన్ని ఈ ఎర్ర తీగలోంచి యాంప్లిఫయరు దాకా నడిపిస్తున్నాం. మధ్యలో ఎక్కడైనా తీగ తొక్క అరిగి ఇనుముకు తగిలిందనుకో, ఆ బలమంతా ఒక్క ఉదుటున అటే పరిగెడుతుంది. తీగ మొత్తం ఈ చివర్నుంచి ఆ చివరికి పొయ్యిలో కడ్డీలా ఎర్రబడుతుంది. అందుకే బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు. మూరెడు కాదు, జానెడు! యాంప్లిఫయరు కాలిపోకుండా ఫ్యూజు అనుకుంటారు వెర్రివాళ్ళు. యాంప్లిఫయరు పోతే పోయింది, దాని మొహం. ఫ్యూజు తీగకు కాపలారా. తీగ మోయగలిగినదానికి మించి వచ్చిందంటే తాను చచ్చి తీగను బతికిస్తుంది. లావు తీగకి పెద్ద ఫ్యూజు, సన్న తీగకి చిన్న ఫ్యూజు. అంతేగాని నీ పాట గట్టిగా రావాలని ఫ్యూజు పెంచకూడదు."

ఈ పాఠం విని విని జనం ఆయనకు జానెడు మాస్తర్ అని పేరు పెట్టారు. బడిపిల్లలు షెడ్డు ముందు నుంచి పోతూ వేళ్ళు చాచి జానెడు కొలిచి చూపించి పారిపోయేవాళ్ళు. ఆప్పాసో పైకి తిట్టేవాడు, లోపల మురిసిపోయేవాడు. పేరు రావడం అందరికీ ఇష్టమే, ఒప్పుకునేవాళ్ళే తక్కువ.

ఆ పాఠం ఒంటపట్టనివాడిగా పేరుబడ్డవాడు సర్జేరావ్ మగ్దుం. అందరికీ సర్జా. ముప్పై ఏళ్ళవాడు, సొంత ట్రాక్టరు, సొంత డ్రైవింగు, మనసు వెన్న, బుద్ధి మాత్రం పాట వైపే. జనవరిలో ఒకసారి దారిలో ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలో తళతళలాడే కాగితాన్ని మడిచి ఆ చోట పెట్టి వారం రోజులు తిరిగాడు. అది ఆప్పాసో కంటపడింది. పదిమంది ముందు నెత్తి మీద మొట్టికాయ వేశాడు.

"మీ నాన్న చితికి నువ్వు నిప్పు పెట్టావు, సరే. నీ చితికి కూడా నువ్వే పెట్టుకుందామని చూస్తున్నావా?"

షెడ్డంతా గొల్లుమంది. ఆ మాట టీ కొట్టు నుంచి టీ కొట్టుకు పాకి నాలుగు ఊళ్ళు తిరిగింది. సర్జా కూడా నవ్వి, చెవులు పట్టుకుని, "ఇంకెప్పుడూ చెయ్యను కాకా" అన్నాడు. నిజంగానే మళ్ళీ చెయ్యలేదు. కానీ ఊరు మాత్రం ఎక్కడ ఫ్యూజు పోయినా సర్జా పేరే చెప్పుకుంది.

మార్చి రెండో వారంలో సర్జాకు ఆఖరి ట్రిప్పు వచ్చింది. హంగాములో, అంటే చెరకు నరికే కాలంలో, ఆఖరి చెరకు కార్ఖానాకు తోలే రోజంటే ఆ ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపు కిందే లెక్క. ట్రాక్టరుకు అరటి పిలకలు, చెరకు గడలు, బంతిపూల దండలు కట్టారు. సంచుల కొద్దీ గులాల్ తెచ్చారు. అయిదు నెలలుగా చెరకు నరికిన బీడ్ జిల్లా కూలీలు మర్నాడు తమ ఊళ్ళకు పోతారు. అందుకని ఆ ఒక్క రోజు వాళ్ళు కూడా కొడవళ్ళు పక్కన పడేసి, పిల్లల్ని ఎత్తుకుని, ముందు ట్రాలీలో చెరకు మీదికెక్కి కూర్చున్నారు. వాళ్ళలో గయా అనే ఆమె ఉంది. మొగుడు బబన్ కింద గులాల్ చల్లుతుంటే, ఆమె అయిదేళ్ళ కూతురు శీతల్‌ను ఒళ్ళో పెట్టుకుని పైన కూర్చుంది. చెరకు నరకడంలో గుంపులో ఆమె చెయ్యే ముందుండేదని సర్జా అందరికీ చెప్పేవాడు.

ఆప్పాసో కూడా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. పిలుపు ఉంది. పైగా ఇంట్లో భార్య హౌసాబాయి మటన్ ఎర్ర రసం కాస్తోంది, ట్రాక్టరును ఊరు దాటించి వెళ్ళి తినడమే తరువాయి.

ఊరేగింపు చావడి ముందుకు వచ్చింది. కుర్రాళ్ళు చేతులు పైకెత్తి గెంతుతున్నారు. ట్రాక్టరు ఒక గుంటలో పడి లేచింది. పాట టక్కున ఆగిపోయింది.

ఆప్పాసో ఫుట్‌బోర్డు పక్కనున్న బ్యాటరీ పెట్టె తెరిచాడు. ఫ్యూజు పోయింది. సంచీలోంచి కొత్తది తీసి వేశాడు. పాట వచ్చింది, జనం ఈలలు వేశారు. ట్రాక్టరు రెండొందల అడుగులు నడిచి ఇంకో గుంటలో పడింది. పాట మళ్ళీ ఆగింది.

"ఏంటి కాకా ఇది?" అన్నాడు సర్జా సీటు మీద నుంచి వంగి. మొహం నిండా గులాల్, కళ్ళలో మాత్రం ఏడుపు. "నిన్న మా బావమరిది జీపులోంచి ఇంకో యాంప్లిఫయరు తెచ్చి దీనికే తగిలించాను. దానివల్లనా?"

"నన్నడక్కుండా తగిలించావా? అదే తీగకి?"

"ఒక్కరోజుకే కదా కాకా."

"ఒక్కరోజని తీగకి తెలుసా?"

తిట్టాడు కానీ, ఆప్పాసోకి అప్పటికే విషయం అర్థమైంది. బరువు ఎక్కువై పోయే ఫ్యూజు నిదానంగా, పాట హోరెత్తినప్పుడు పోతుంది. గుంటలో పడ్డప్పుడల్లా పోతోందంటే ఎక్కడో తీగ తొక్క అరిగి ఇనుముకు తగులుతోందని. అయిదు నెలల కుదుపులకు సీటు కింద బ్రాకెట్టు దగ్గర అరిగి ఉంటుంది. సీటు విప్పి చూడాలి. అరగంట పని. అరగంట కాకపోతే, తీగ బ్యాటరీ నుంచి ఊడదీసి, పాట లేకుండా పంపించేయాలి. ఇంకో దారి లేదు. ఈ మాట ఇరవై రెండేళ్ళుగా ఊరికి చెప్పినవాడు ఆయనే.

సంచీలో ఇంకో ఫ్యూజు లేదు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి పవార్ల ట్రాక్టరు వచ్చింది. వాళ్ళకూ అదే ఆఖరి ట్రిప్పు. వాళ్ళ పాటకు చావడి తలుపులు దడదడలాడుతున్నాయి. పవార్ల కుర్రాళ్ళు సర్జా ట్రాక్టరు మీద గులాల్ కుమ్మరించారు.

"ఏం సర్జా, ఈవేళ మౌనవ్రతమా? శవయాత్రకి కూడా డప్పు ఉంటుంది కదరా!"

అందరూ నవ్వారు. సర్జా తల దించుకున్నాడు. అంతవరకూ ఆప్పాసో తట్టుకున్నాడు. అప్పుడు పవార్ల పెద్దాయన నిలబడి, చెయ్యి చాపి, జానెడు కొలిచి చూపించాడు.

"మాస్తర్, ఇన్నేళ్ళు మాకు పాఠాలు చెప్పావు. నీ చేతి బండికి జానెడు పాట కూడా రాదేంటయ్యా?"

పిల్లలు చూపించినప్పుడు నవ్వొచ్చిన ఆ జానెడు, పెద్దవాడు పదిమందిలో చూపించేసరికి ఆప్పాసో చెవులు వేడెక్కాయి. సంచీలోంచి తీగ ముక్క తీశాడు. కత్తెర వెతికే ఓపిక లేక పళ్ళతో పట్టి తొక్క లాగాడు. రాగి పోగులు పదిహేనో ఇరవయ్యో పేని, ఫ్యూజు ఉండాల్సిన చోట ఈ కొననుంచి ఆ కొనకు చుట్టి, మూత పెట్టేశాడు. నాలుగు కిలోమీటర్లే కదా అనుకున్నాడు. భోజనం చేసి కార్ఖానా గేటు దగ్గరికి పోయి తీసేస్తానులే అనుకున్నాడు. ఆయనకు తెలుసు. తెలియనివాడు చేసి ఉంటే ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు.

పాట లేచింది. పవార్ల పాట అందులో మునిగిపోయింది. కుర్రాళ్ళు ఆప్పాసోని భుజాల మీదికెత్తారు. యాభై ఏళ్ళ జీవితంలో ఆయన్ని ఎవరైనా ఎత్తడం అదే మొదటిసారి. గులాల్ కళ్ళలో పడి మండుతున్నా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. హౌసాబాయి జొన్న భాకరి వేసి రసం పోసింది. దూరంగా సర్జా పాట వినబడుతూనే ఉంది. రెండో భాకరి తుంచుతుండగా పాట ఆగింది. గేటు దగ్గరికి చేరాడేమో అనుకోబోయాడు. ఇంత తొందరగా చేరడని తెలిసి తుంచిన ముక్క కంచంలోనే వదిలేసి లేచాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా మోటారు సైకిలెక్కాడు.

కాలవ మలుపు దగ్గర పొగ. సీటు కింద మొదలైన మంట స్పీకర్ల చెక్కపెట్టెకు, అక్కణ్ణుంచి ఎండకు వాడిన అరటి ఆకులకు, ఆ తర్వాత ముందు ట్రాలీలో చెరకు ఆకులకు అంటుకుంది. కూలీలు దూకేశారు. పవార్ల మనుషులే ముందు పరిగెత్తుకొచ్చి మట్టి, కాలవ నీళ్ళు పోస్తున్నారు. సర్జా ట్రాలీని విడదీయడానికి కొక్కెం లాగబోయి కనుబొమలు కాల్చుకున్నాడు. గయా కూతుర్ని కిందనున్న బబన్ చేతుల్లోకి విసిరేసి, తాను దిగడానికి ట్రాలీ ఇనుప కమ్మీ పట్టుకుంది. అప్పటికే ఆ కమ్మీ కాలి ఉంది. చెయ్యి వదిలితే మంటలో పడుతుంది, వదలకపోతే అరచెయ్యి పోతుంది. ఆమె వదల్లేదు.

ఆమె అరుపు ఆప్పాసో విన్నాడు. ఆమెను బండిలో వేసుకుని కొల్హాపూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మిగిలినవాళ్ళంతా ట్రాలీ చుట్టూ ఉన్నారు. మంట తగ్గాక ఆప్పాసో ఒక్కడూ ట్రాక్టరు పక్కకు వెళ్ళి బ్యాటరీ పెట్టెలో చెయ్యి పెట్టాడు. కరిగిన ప్లాస్టిక్కులో రాగి పోగులు ముద్దగా అతుక్కుని ఉన్నాయి. అంత మంటకీ అవి తెగలేదు. మెలితిప్పి ఊడబీకి కాలవలోకి విసిరేశాడు. చెయ్యి తనంతట తానే ఆ పని చేసిందని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. చేతులు అలా తమంతట తాము ఏమీ చెయ్యవు.

తర్వాతి మూడు రోజులూ ఆయన తేలు కుట్టిన దొంగలాగే ఉన్నాడు. షెడ్డు తెరిచి కూర్చునేవాడు, పని ముట్టుకునేవాడు కాదు. హౌసాబాయి కూరలో ఉప్పు ఎక్కువైందా అని ఒక పూట, తక్కువైందా అని ఒక పూట అడిగి, ఆ తర్వాత అడగడం మానేసింది. ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. గయా ప్రాణానికి ఏం ఫరవాలేదు, కుడిచేతి వేళ్ళు రెండు ఇక ముడుచుకోవని. కొడవలి పట్టడం కుదరదని. ఊరంతా ఒకటే మాట: సర్జా మళ్ళీ సిగరెట్టు కాగితం పెట్టి ఉంటాడు.

మూడో రోజు సాయంత్రం సర్జా షెడ్డుకు వచ్చాడు. కనుబొమలు లేని మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. బల్ల మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాకా, రేపు పొద్దున చావడిలో ఊరి పెద్దలు కూర్చుంటారట. సర్పంచ్ ఆక్కాతాయి కబురు చేసింది. ఎవరి తప్పో నిన్నే చెప్పమంటారు. తప్పు నాదని తేలితే కార్ఖానా వచ్చే ఏడు నా బండిని రానివ్వదు. గయా ఇంటి భారం కూడా నా మీదే పడుతుంది. పడనీ. నువ్వు మాత్రం నా మీద జాలిపడి మాట మార్చకు. రెండో యాంప్లిఫయరు నేనే తగిలించాను. చెప్పెయ్."

"సర్జా..."

"ఒక్కటి మాత్రం నీకు చెప్పాలని వచ్చాను. నువ్వు కొత్త ఫ్యూజు వేశావు కాబట్టి సరిపోయింది. అదే నేను కాగితం పెట్టి ఉంటే ఊరు దాటేలోపే అంటుకునేది. పిల్లలు దిగేంత వ్యవధి దొరికిందంటే అది నీ చలవే కాకా."

అని వంగి కాళ్ళకు దండం పెట్టాడు. ఆప్పాసో కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. చెప్పెయ్యాలనుకున్నాడు. చెప్పలేదు. సర్జా వెళ్ళిపోయాక చాలాసేపు షెడ్డులో అలాగే నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. ఆ దండం మాత్రం ఆయనకు ఊపిరాడనివ్వలేదు.

మర్నాడు చావడి నిండిపోయింది. గోడవార బీడ్ కూలీలు మూటా ముల్లెతో కూర్చున్నారు, ఏదో ఒకటి తేలితే బయల్దేరదామని. ఆసుపత్రి నుంచి ఆ పొద్దున్నే వచ్చిన గయా వాళ్ళ మధ్యనే ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్ల కట్టు. శీతల్ ఆమెకు ఎడమవైపు ఆనుకుని నిద్రపోతోంది. పవార్ల పెద్దాయన ముందు వరసలో ఉన్నాడు. ఆక్కాతాయి డెబ్బై ఏళ్ళ మనిషి, ఎవరి మాటైనా సగంలో కోసెయ్యగలదు. ఆప్పాసోకి మాత్రం కుర్చీ వేయించింది.

"మాస్తర్, నీ మాటే మాట. నిప్పు ఎలా అంటుకుంది?"

ఆయన నోరు తెరవకముందే సర్జా లేచాడు. "తాయీ, ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. తప్పు నాది. రెండో యాంప్లిఫయరు నేనే..."

"నువ్వు కూర్చో" అన్నాడు ఆప్పాసో. "దానివల్ల కాదు. దానివల్ల అయితే ఫ్యూజు పోయేది, పాట ఆగేది. సీటు కింద తీగ తొక్క అరిగింది. గుంటలో పడ్డప్పుడల్లా ఇనుముకు తగిలింది. రెండుసార్లు ఫ్యూజు పోయింది చూశారా, అది అందుకే. ఫ్యూజు తన పని తాను చేసింది. మూడోసారి పోవడానికి అక్కడ ఫ్యూజు లేదు."

"అదే అంటున్నాం మేము కూడా" అన్నాడు పవార్ల పెద్దాయన. "మళ్ళీ సిగరెట్టు కాగితం..."

"కాగితం కాదు. రాగి పోగులు. చుట్టింది సర్జా కాదు, నేను."

చావడిలో ఎవరో దగ్గారు. ఆక్కాతాయి కళ్ళజోడు తీసి ఆయన్ని చూసింది, ఆమె మొహం మెత్తబడింది.

"మాస్తర్, నీ మనసు పెద్దది. ఊరికి తెలుసు. కుర్రవాడి బతుకు పోతుందని నీ నెత్తిన వేసుకుంటున్నావు."

"కాదు తాయీ, నిజం చెబుతున్నాను."

"నువ్వు? ఫ్యూజు లేకుండా?" పవార్ల పెద్దాయన పకపకా నవ్వాడు. "మా అల్లుడు ఫ్యూజు మూరెడు దూరంలో పెట్టించుకున్నాడని పెళ్ళిలో వాణ్ణి అన్నం ముందు నుంచి లేపి తిట్టినవాడివి! ఇంకెవరైనా చెబితే నమ్ముతాం."

"పళ్ళతో ఒలిచి చుట్టానయ్యా! నువ్వు నాకు జానెడు కొలిచి చూపించావు, ఆ రోషంలో చుట్టాను!"

"సరే, ఏదీ ఆ రాగి? చూపించు."

"కాలవలో పారేశాను."

ఈసారి చావడి అంతా నవ్వింది. కోపంగా కాదు, ముచ్చటగా. "పాపం, అబద్ధం ఆడటం కూడా చేతకాదు మనిషికి" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు. సర్జా వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేశాడు.

"నా కోసం అబద్ధం చెప్పకు కాకా. నీ పేరు పాడుచేసుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అబద్ధం కాదురా" అన్నాడు ఆప్పాసో. రెండోసారి అన్నప్పుడు గొంతు తగ్గింది. మూడోసారి అనలేదు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ నవ్వుల మధ్య ఆయన గుండె మీంచి ఏదో బరువు దిగినట్టయింది. చెప్పానుగా, నమ్మకపోతే నా తప్పా, అనుకున్నాడు. చెప్పిన పుణ్యం దక్కింది, పేరూ దక్కింది. దేవుడే ఇలా దారి చూపించాడేమో అని కూడా అనుకున్నాడు. సర్జా వీపు మీద చెయ్యి వేసి, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆక్కాతాయి గొంతు సవరించుకుని తీర్పు చెప్పడానికి సిద్ధమైంది.

"ఆయన అబద్ధం చెప్తలేడు."

గోడవార నుంచి వచ్చింది ఆ మాట. గయా నిద్రపోతున్న పిల్లను మొగుడి ఒడిలోకి జరిపి లేచి నిలబడింది. అయిదు నెలల్లో ఆ ఊరి వాళ్ళు ఆమె గొంతు వినడమే తక్కువ. విన్నా, బీడ్ వాళ్ళ యాస అని వెక్కిరించడానికి విన్నారు.

"నేను మీదికెల్లి చూసిన. బండి ఆగితే ఏమైందోనని వంగి చూసిన. బ్యాటరీ డబ్బా తెరిచి, పండ్లతోని తీగె పొట్టు ఒలిచి, రాగి పోగులు పేని చుట్టిండు. నా బిడ్డ సుత చూసింది. 'అమ్మా, మాస్తర్ తీగె తింటుండు' అని నవ్వింది. నేను సుత నవ్విన."

పవార్ల పెద్దాయన నేల చూశాడు. సర్జా ఆప్పాసో మోకాళ్ళ మీంచి చేతులు తీసేశాడు. నెమ్మదిగా తీశాడు, కానీ తీశాడు.

ఆక్కాతాయి అడిగింది: "మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరికి చెప్పాలె తాయీ? అది తప్పో ఒప్పో నాకేం ఎరుక? పెద్ద మాస్తర్, ఎరుక ఉండే చేస్తుండు అనుకున్న. ఇప్పుడు ఆయన నోటితోని ఆయనే చెప్పిండు గదా, అది తప్పని. అప్పుడు ఎరుకైంది."

ఆప్పాసో లేచాడు. కుర్చీలో కూర్చుని ఆమెకు జవాబు చెప్పలేననిపించింది. గయా ఆయన వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం కోసం వెతికాడు. కోపం ఉంటే ఆయనకు తేలికయ్యేది. ఆమె పొలం గట్టు మీద దారి అడిగినట్టు అడిగింది.

"ఒక్క మాట చెప్పు మాస్తర్. నాకు తీగెలు, ఫ్యూజులు ఏం ఎరుక లేదు. నువ్వు ఆ రాగి చుట్టకుంటే ఏమైతుండె?"

ఇరవై రెండేళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఆయన పని. ఎంత పొడుగు పాఠమైనా చెప్పగలడు. ఇప్పుడు నోటికి రెండు మాటలే వచ్చాయి.

"పాట ఆగేది."

"ఆగి?"

"ఏం లేదు. ఆగేది."

"గంతేనా?" అంది గయా.

"అంతే" అన్నాడు ఆప్పాసో.